తేదీ దొరకని దినములు

మానుకోటలో మా యింటి ముందు గదియందు ఒక పాత కంప్యూటరు కలదు. ప్రతిదినము ఉదయమున నేను మీట నొక్కగానే, ఆనాటి తేదీన పూర్వ సంవత్సరములలో జరిగిన సంగతులను రెండు మూడింటిని అది తెలుగున వ్రాసి చూపును. వానిని చీటిపై నెక్కించుకొని, నేను పూర్వము పనిచేసిన పాఠశాలకు నడచిపోయి, అచ్చటి నల్లబల్లపై ఒక విద్యార్థిచేత వ్రాయింతును. ఇరువదియైదు సంవత్సరములకు పైగా నాకిదియే వ్యసనము. పొగాకు, పేకాట మొదలైనవానికంటె ఇది చౌక యని మా యింటివారు సహించిరి. ఆ కంప్యూటరు మూడుమార్లు మారినది. దానికొరకు నేను వ్రాసిన ప్రోగ్రాము ఎన్నిమార్లు మారినదో లెక్క లేదు. ఆ మార్పులలో కొన్ని యంత్రము నేర్పినవి, కొన్ని పిల్లలు నేర్పినవి, ఒక్కటి మాత్రము చదువురాని మా తల్లి నేర్పినది. ఆ యొక్కదానిని గూర్చి చెప్పవలెననియే ఈ వ్యాసమునకు పూనుకొంటిని. కాని మొదటినుండి చెప్పనిదే అది యర్థము కాదు.

1999వ సంవత్సరమున హనుమకొండలో ఒకరు వాడి విడిచిన కంప్యూటరును నేను కొంటిని. అప్పటికి నేను గణితోపాధ్యాయుడను. బేసిక్ అను భాషను పుస్తకము చూచి నేర్చుకొని, మొదట వడ్డీలెక్కలు, పిమ్మట ప్రధానసంఖ్యలు వ్రాయించితిని. వానియందు విసుగు పుట్టిన పిదప ఈ యూహ తోచెను. ఆ భాషలో తేదీ యడిగినచో యంత్రము నెల, దినము, సంవత్సరము అను వరుసలో చెప్పును; అందు మొదటి యైదు అక్షరములను త్రుంచి తీసినచో నెలయు దినమును మాత్రమే చేతికి వచ్చును. సంగతుల పట్టికలో ప్రతి పంక్తికి ముందు అట్టి యైదక్షరములనే యుంచి, రెంటిని సరిపోల్చి, కలిసిన పంక్తిని తెరపై చూపుమని ఆజ్ఞాపించితిని. అంతియే ప్రోగ్రాము. పట్టికను విడిచినచో ముప్పది పంక్తులకు మించదు. తెలుగు లిపి ఆ యంత్రమునకు రాదు గనుక తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరములలో వ్రాసితిని. చదువువాడు రెండుమార్లు తడబడి మూడవమారు గ్రహించును.

సంగతులను ఎచ్చటనుండి తెచ్చితినని యడుగుదురేమో. రైల్వేస్టేషనులో కొన్న సామాన్యజ్ఞాన పుస్తకమునుండి. అందు యుద్ధములు, సంధులు, గవర్నరు జనరలుల రాకపోకలు తప్ప వేరొకటి లేదు. ఒకే యుద్ధము రెండు పుటలలో రెండు తేదీలయందు జరిగినట్లుండెను. నేను రెంటిని ఎక్కించితిని. ఆ దినములలో నాకు చరిత్రయందు భక్తియే గాని యనుమానము లేదు.

మొదటి పాఠము బ్యాటరీ నేర్పినది. కంప్యూటరు లోపల చిల్లరనాణెమంత బ్యాటరీ యొకటి యుండును. కరెంటు లేని వేళ గడియారమును నడిపించు భారము దానిది. మా పాత యంత్రములో అది చచ్చిపోయినది. మా ఊరిలో ఆ కాలమున కరెంటు పోవుట సూర్యాస్తమయమువలె నిత్యకృత్యము. కరెంటు పోయి వచ్చినప్పుడెల్ల యంత్రము తేదీని మరచి, తనకు కాలము పుట్టిన దినమైన 1980 జనవరి 1కి తిరిగి పోవుచుండెను. నేనది గమనింపక, వినాయకచవితి చందాకు వచ్చిన పిల్లలను వాకిట నిలిపి, జనవరి ఒకటవ తేదీ విశేషములను గంభీరముగా చదివి వినిపించితిని. వారిలో ఒకడు, "సారూ, ఇంకా వానకాలమే గద?" అనెను. అందరును నవ్విరి, నేనును నవ్వితిని. తేదీ తెలియని యంత్రము తెలియదని చెప్పదు. తెలిసినట్లే ఒకదానిని చెప్పును. ఈ మాట యొక్క బరువు నాకు పదేండ్ల తరువాత గాని తెలియలేదు.

2002 ప్రాంతమున ఒక కంప్యూటరు మాసపత్రికతో పాటు వచ్చిన సీడీనుండి లినక్సును నా యంత్రములోనికి ఎక్కించితిని. అందు వెదకగా, నేను కనిపెట్టితినని మురిసిన పని నా కంటె ఇరువదేండ్ల ముందే జరిగియుండెనని తేలినది. 1979లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలు వెలువరించిన యూనిక్స్ ఏడవ కూర్పులోనే క్యాలెండర్ అను చిన్న ప్రోగ్రాము కలదు. అది నేటి తేదీ, రేపటి తేదీ గల పంక్తులను ఫైలునుండి ఏరి చూపును. శుక్రవారమైనచో రేపు అనుమాటను సోమవారము వరకు సాగదీయును. ఉద్యోగుల సెలవుల నెరిగినవాడెవడో వ్రాసియుండును! పిమ్మట బర్క్‌లీ విశ్వవిద్యాలయమువారి కూర్పులలో దానికి చరిత్ర కొక ఫైలు, జన్మదినముల కొక ఫైలు, సంగీతమున కొక ఫైలు చేర్చబడినవి. ప్రోగ్రాము నెరుగనివాడు సైతము తేదీ వ్రాసి, కొంత ఎడమిచ్చి, సంగతి వ్రాసిన చాలును. నాకు సిగ్గును కలిగినది, ఆనందమును కలిగినది. ఆజ్ఞలను ఒకచోటను, సంగతులను వేరొకచోటను ఉంచవలెనని అప్పుడు తెలిసినది. నా పట్టికను విడదీసి సాదా ఫైలుగా మార్చితిని. అటుపిమ్మట తొమ్మిదవ తరగతి పిల్లలు కూడ పంక్తులను చేర్చనారంభించిరి.

తెలుగు లిపి సంగతి యిట్లు. ప్రపంచభాషల లిపులన్నిటికి సంఖ్యలనిచ్చు యూనికోడులో తెలుగునకు 1991లోనే చోటు దొరకినది. కాని అది మాబోటివారి యిండ్లకు నడచి వచ్చుటకు పదేండ్లకు పైగా పట్టినది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు రూపొందించి ఉచితముగా పంచిపెట్టిన పోతన 2000 అను ఫాంటును నేను సంపాదించితిని. పోతన పేరిటి బమ్మెర మాకు పొరుగున జనగామ జిల్లాలోనిది గావున ఆ ఫాంటు మా చుట్టమే యనిపించినది. దానితో మొదట వ్రాసిన పంక్తి నాకిప్పటికిని జ్ఞాపకము: 1925 జూలై 22న చినగూడూరులో దాశరథి కృష్ణమాచార్యుల జననము. చినగూడూరు నేడు మా జిల్లాలోనిదే. తెరపై తెలుగు అక్షరములు మెరసినప్పుడు మా అమ్మ వచ్చి నా వెనుక నిలిచినది. ఆమెకు అక్షరము రాదు. "గీ గుండ్రటియి మనయేనా?" అని యడిగినది. ఔనంటిని. నాటినుండి ఉదయమున కాఫీ త్రాగుచు ఆమె వినవలెను, నేను చదువవలెను. ఇది మా యింట ఆచారమైనది.

2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమైనది. క్రమముగా అందు సంవత్సరములోని ప్రతి తేదీకిని ఒక పుట యేర్పడినది. మొదటి పుటలో చరిత్రలో ఈ రోజు అను శీర్షికయు వెలసినది. నాకది పెన్నిధియైనది. అచ్చటినుండి పంక్తులను తెచ్చుకొని, తప్పు కనబడినచోట దిద్దితిని. ముద్రిత పుస్తకములోని తప్పును ఎర్రసిరాతో దిద్దిన నాకొక్కనికే ఉపకారము. ఇచ్చట దిద్దినది ఎల్లరికిని దక్కును. అప్పటికి నా ఫైలులో వేయికి పైగా పంక్తులు చేరినవి. ఒక సెలవునాడు ఏమియు తోచక వానిని లెక్కించితిని. స్త్రీల పేర్లు పదునొకండు. అందు నలుగురు రాణులు. మా మూడు నాలుగు తాలూకాల సంగతులు ఆరు. దినమునకొక పంక్తి చొప్పున నేను పిల్లలచే నల్లబల్లపై వ్రాయించుచున్నది ఎవరి చరిత్ర?

ఈ ప్రశ్నను తరగతిలో పెట్టితిని. పిల్లలు ఊళ్లకు పోయి అడిగి తెచ్చిరి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండునకు నేలకొరగిన దినము ఎక్కినది. పాలకుర్తి చాకలి ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న మరణించిన సంగతి ఎక్కినది. 1948 ఆగస్టు 27నాటి భైరాన్‌పల్లి ఘోరము ఎక్కినది. కాని అచ్చట మృతులైనవారి సంఖ్య పుస్తకమున కొకవిధముగా నుండుటచే, సంఖ్య వేయక ఊరి పేరును తేదీని మాత్రమే వ్రాసితిమి. ఒక బాలుడు "లెక్క లేకుంటే మార్కులు పడవు సార్" అనెను. వానికి పరీక్షల భయము. నాకు మాత్రము ఆ ఖాళీయే నచ్చినది.

తేదీల చిక్కులు ఇచ్చటినుండి ముదిరినవి. ఒక విద్యార్థి తమ తాతగారి భూమి కాగితమును తెచ్చెను. అందు 1357 ఫసలీ అని యుండెను. నెల పేరు ఆజూరు. నిజాము రాజ్యమున ప్రభుత్వ వ్యవహారమంతయు ఫసలీ సంవత్సరములతో సాగినది. ఆ సంఖ్యకు 590 చేర్చినచో రమారమి మన క్రీస్తు సంవత్సరము వచ్చును. కాని ఏడు మొదలగునది అక్టోబరులో. కనుక 1357 ఫసలీలో కొంతభాగము 1947, అధికభాగము 1948. ఆజూరు, దై, బహమను అను నెలల పేర్లను మా పిల్లలు మంత్రములవలె వల్లించిరి. ఇంగ్లండులో 1752 సెప్టెంబరు 2 గడిచిన మరునాడే సెప్టెంబరు 14 వచ్చినదని నేను చెప్పగా, నడుమ పదునొకండు దినముల కూలి ఎవరిచ్చిరని ఒక బాలిక యడిగినది. కూలివారి బిడ్డ గదా! పంచాంగపు తిథులు ఇంతకంటె కష్టము. బయ్యారము చెరువుకట్టమీది శాసనము కాకతి గణపతిదేవుని చెల్లెలు మైలమ వేయించినది. కాకతీయుల వంశక్రమమును తెలిసికొనుటకు పండితుల కది యాధారము. ఒక స్త్రీ వేయించిన రాయివలన రాజుల వరుస తెలిసినదని బాలికలు పొంగిపోయిరి. ఆ చెరువును త్రవ్వినవారి పేర్లు రాతిమీద లేవు. నా ఫైలులో ఎట్లుండును?

2012లో వికీడేటా వచ్చినది. అప్పటికి నేను పైథాన్ భాష నేర్చుకొని ప్రోగ్రామును మరల వ్రాసియుంటిని. ఇక యంత్రమే పోయి సంగతులను తెచ్చుకొనును గదా యని సంబరపడితిని. తెచ్చినది. చూడగా జనవరి 1వ తేదీ కడుపు ఉబ్బియున్నది! ప్రపంచమందలి కవులును గాయకులును ఊళ్లును పత్రికలును గుంపుగా ఆనాడే పుట్టినట్లుండెను. కారణము వెదకితిని. వికీడేటాలో ప్రతి తేదీకిని అది యెంత నిక్కచ్చియో తెలుపు సంఖ్య యొకటి యుండును: దినము వరకు తెలిసినచో 11, నెల వరకైన 10, సంవత్సరము మాత్రమే తెలిసినచో 9, శతాబ్దము మాత్రమే యైన 7. ఆ సంఖ్యను విడిచి తేదీని మాత్రము అడిగితిమా, సంవత్సరము మాత్రమే తెలిసినదానికి జనవరి 1 అని జవాబు వచ్చును. వారు దాచలేదు, నేను అడుగలేదు. పాత బ్యాటరీ మరల నా కండ్లముందు కదలినది. మా జిల్లాలోని ఇనుగుర్తి వంటి పల్లెనుండి ఒద్దిరాజు సోదరులు 1922లో తెనుగు పత్రికను వెలువరించిన సంగతిని, సంవత్సరము మాత్రమే వ్రాసికొని, గడి ఖాళీగా ఉండరాదని నేనే స్వయముగా జనవరి 1న వేసియుంటిని. యంత్రమును నిందించుటకు నాకేమి యర్హత?

ఈ జాడ్యము యంత్రములకంటె ముందే మనుష్యులలో కలదు. నా జన్మదినము 1956 జూన్ 1. ఇది మా అమ్మ చెప్పినది కాదు. నన్ను బడిలో వేయుటకు మా నాయన చేయి పట్టుకొని పోయినప్పుడు, పంతులుగారు నన్ను ఎగాదిగ చూచి, బడులు తెరచు నెలయే గదా యని జూన్ 1 అని వ్రాసిరి. నాతో చేరిన బాలురలో సగము మంది ఆనాడే పుట్టిరి. నెల మొదటి తేదీన పుట్టినవాడు దానికి ముందు నెల చివరిదినముననే ఉద్యోగమునుండి దిగవలెనని నిబంధన. అందుచే నేను 2014 మే 31న పదవీ విరమణ చేసితిని. జూన్ 2న తెలంగాణ రాష్ట్ర మేర్పడినది. పంతులుగారి కలము ఆనాడు ఒక్క దినము జరిగి జూన్ 2 అని వ్రాసియుండిన, నేను క్రొత్త రాష్ట్రములో ఒక నెల పనిచేసి దిగెడివాడను. రాష్ట్రముకొరకు ఎండలో నిలిచి నినాదము లిచ్చినవాడనగుటచే ఈ చిన్న కొరత నాకిప్పటికిని గుచ్చుకొనును. నవ్వువారు నవ్వుదురుగాక.

ఇక మా అమ్మ మాట.

మా తాత, అనగా అమ్మ తండ్రి, 1948లో పోయెను. అప్పటికి అమ్మకు ఎనిమిదేండ్లుండును. ఒకనాటి రాత్రి ఆయనను ఇంటినుండి లేపుకొని పోయిరి, పోయినవాడు తిరిగి రాలేదు, శవమును దొరకలేదు. తీసికొని పోయినవారెవరో పెద్దలు పిల్లల యెదుట ఎన్నడును పలుకలేదు. అమ్మకు జ్ఞాపకమున్న దింతియే: నాగులపంచమికి పుట్టలో పాలుపోసి వచ్చిన తరువాత, చెరువు క్రింద నాట్లు ముగియలేదు, ఆశ్లేష కార్తె. ఒకమారు పండుగైన మూడవనాడనును, ఒకమారు వారమనును.

నల్లబల్లపై కొమరయ్య పేరు, ఐలమ్మ పేరు ఎక్కినప్పుడెల్ల మా తాత పేరు నా నాలుక చివర నిలిచెడిది. 2008లో పంచాంగములు ముందేసికొని కూర్చుంటిని. ఆ యేటి శ్రావణ శుద్ధ పంచమి ఆగస్టు రెండవ వారమున వచ్చినది. మూడవనాడన్న మాటను పట్టుకొని, ఆగస్టు 12 అని తేల్చి, ఫైలులో వ్రాసితిని. ఇంటి మనుష్యుని చరిత్రలో చేర్చుట తగునా యని కొంత సంకోచించితిని గాని, తేదీ నిజమా యని సంకోచింపలేదు. పదియేండ్లు దిద్దుచు వచ్చినవాడనే!

ఆగస్టు 12 వచ్చినది. అమ్మ కాఫీ గ్లాసుతో కూర్చున్నది. నేను చదివితిని. ఆమె సంతోషించునని నా యాశ. ఆమె గ్లాసు క్రింద పెట్టినది.

"గా దినమని నీకెవలు చెప్పిన్రు కొడుకా?"

పంచాంగము, పంచమి, మూడవనాడు అని విప్పి చెప్పితిని.

"నాకే ఎర్కలేదు. నీ మిషినికెట్ల ఎర్క? అయ్య పోయిన దినము ఎర్కలేకనే గద, ఏటేట పెత్రమాసనాడు ఆయన పేర్న బియ్యమిస్తున్న. రేపు పిల్లగాండ్లు గిదే నిజమంటరు."

ఆమె కోపముతో అనలేదు. గ్లాసు తీసికొని లోపలికి పోయినది. ఆనాడు నేను పాఠశాలకు చీటి తీసికొని పోలేదు. సాయంత్రము ఆ పంక్తిని తుడిచివేసితిని.

పెత్రమాస యనగా భాద్రపద బహుళ అమావాస్య. మృతి చెందిన తిథి తెలిసినవారికి ఆ తిథినాడు పెట్టుదురు. తెలియనివారికి, ఎచ్చటనో పోయి తిరిగిరానివారికి ఆ అమావాస్య. నేను చదువుకొన్నవాడనై దీనిని మూఢాచారములలో చేర్చి, బియ్యము వృథాయని అమ్మతో వాదించినవాడను. దానమువలన పితృదేవతలు తృప్తి పొందుదురా లేదా యనునది వేరుమాట; ఇప్పటికిని నాకా నమ్మకము లేదు. కాని తెలియని తేదీని తెలియదని యొప్పుకొని, ఆ తెలియనివారికొక దినమును కేటాయించిన బుద్ధి అందున్నది. నా ప్రోగ్రాములో అది లేకపోయినది. దాని గడిలో ఏదో యొక తేదీ వేయనిదే అది ఊరకుండదు. నేను దానికి తగిన గురుడనైతిని.

అప్పటినుండి ఒక మార్పును చేయవలెనని తలచితిని గాని, బద్ధకముచే యేండ్లు గడచినవి. వికీడేటా నిక్కచ్చి సంఖ్యలను చూచిన పిదప దారి దొరకినది. ఇప్పుడు నా ఫైలులో ప్రతి పంక్తికిని మూడవ గడి యొకటి కలదు: ఈ తేదీ ఎంతవరకు తెలియును. దినము తెలిసినచో ఆ దినమున చూపును. నెల తెలిసినచో ఆ నెలలో సంగతులు తక్కువగా ఉన్న దినమును చూచి, ఈ నెలలో అని చెప్పి చూపును. వికీడేటాలో లేనిది ఒకటి నేను చేర్చితిని: కార్తె. మన రైతులు దినములను తేదీలతో లెక్కింపరు; సూర్యుడొక నక్షత్రమునం దుండు పదుమూడు పదునాలుగు దినములు వారికొక కొలత. మృగశిరలో ఏరువాక, ఆరుద్రలో విత్తు, ఆశ్లేషలో నాటు. మా ఊళ్లలో వృద్ధులనడిగిన ఫలానా కార్తెలో అని చెప్పుదురే గాని తేదీ చెప్పరు. వారి మాటను వారి కొలతతోనే వ్రాయుటకు యంత్రమున కేమి కష్టము? సంవత్సరము మాత్రమే తెలిసినవియు, అదియు తెలియనివియు పెత్రమాసకు చేరును. ఆ తిథి యేటేటికి మారును గనుక ఉగాదికి క్రొత్త పంచాంగము రాగానే తేదీ చూచి ఎక్కింతును. జనవరి 1 తేలికపడినది. 

మా తాత పేరు ఆశ్లేష కార్తెలో వచ్చును. అమ్మకు దానిని ఒకమారు చదివి వినిపించితిని. "ఆఁ, గట్లను" అనెను. అంతకు మించి మెప్పును నేనాశింపలేదు. 2017లో ఆమె ఆసుపత్రిలో కన్నుమూసినది. వారిచ్చిన కాగితముపై మరణవేళ నిమిషములతో సహా కలదు. పుట్టిన తేదీయున్న గడిలో గుమాస్తా నన్నడుగకయే జనవరి 1 అని వ్రాసియుండెను. దిద్దించుటకు మూడుమార్లు తిరిగితిని. ఏమని దిద్దవలెనని వారడిగిరి, తెలియదని వ్రాయుమంటిని. అట్టి యేర్పాటు లేదనిరి.

ఇంతకును ఈ క్రొత్త పద్ధతి పాఠశాలలో పడిన తిప్పలు చెప్పవలెను. కార్తె పంక్తి పదుమూడు దినములు నల్లబల్లపై నుండుటచే, వ్రాయువానికి పని తగ్గినదని మిగిలినవారు ఫిర్యాదు చేసిరి. తండాలనుండి వచ్చు లంబాడా బాలికలు తమ నాయనమ్మల సంగతులను తెచ్చి, ఇవి తీజు పండుగ లెక్కతో ఉన్నవి, ఏ గడిలో వేయుదురని యడిగిరి. తీజు కొక గడి చేర్చితిని. పెత్రమాస పట్టిక మాత్రము మిక్కిలి పెరిగినది. బయ్యారము చెరువును త్రవ్వినవారికి పేర్లు లేవుగాని పంక్తి కలదు. 1889లో బెజవాడ వరకు సాగిన రైలుదారికి మానుకోట మీదుగా కంకర మోసినవారికి పంక్తి కలదు. ఒకే దినమున ఇన్ని వ్రాయుటకు బల్ల చాలక, పిల్లలు గోడమీద సుద్దతో వ్రాసిరి.

పెత్రమాసనాడే మాకు ఎంగిలిపూల బతుకమ్మ. ఆనాటితో దసరా సెలవులు మొదలగును గావున, మేము దానికి ముందునాడే వ్రాయుదుము. బడి మూసినతరువాత తుడుచువారుండరు. మిగిలిన పంక్తులు ఒక్క దినముండి పోవుచుండగా, తేదీ లేనివారి పంక్తులు సెలవులన్నాళ్లును గోడమీదనే యుండును. గడచినయేడు బడి తెరచిననాడు నేను చీటితో పోగా, ఎనిమిదవ తరగతి బాలుడొకడు తడిగుడ్డ చేతబట్టుకొని గోడముందు నిలిచియుండెను. "తుడవాల్నా సార్?" అని యడిగెను. తుడువుమంటిని, ఆనాటి తేదీకి మరి రెండు సంగతులు నా చేతిలో నుండెను.